తొలి ఏడాది, ఆ తర్వాత పదమూడేళ్లు: హాల్ ఆఫ్ ఫేమ్ ఎంపిక సంఘానికి బహిరంగ లేఖ

ఒహాయో రాష్ట్రం, క్యాంటన్ నగరంలోని ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఎంపిక సంఘ సభ్యులకు,

ఆంక్వాన్ బోల్డిన్ 2003 సెప్టెంబరు 7న డెట్రాయిట్‌లో అమెరికా వృత్తి ఫుట్‌బాల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లో తన మొదటి మ్యాచ్ ఆడాడు. అతని జట్టు అరిజోనా కార్డినల్స్ ఆ రోజు 42-24తో ఓడింది. బోల్డిన్ మాత్రం 10 పాసులు పట్టి, 217 యార్డులు సాధించి, రెండు టచ్‌డౌన్లు చేశాడు. లీగ్‌లో అడుగుపెట్టిన రోజునే ఏ రిసీవరూ అంతకు ముందు అన్ని యార్డులు తీయలేదు. సీజన్ ముగిసేసరికి లెక్క 101 క్యాచ్‌లు, 1,377 యార్డులు, 8 టచ్‌డౌన్లకు చేరింది. తొలి ఏడాది ఆటగాడు, అంటే రూకీ, వంద క్యాచ్‌లు అందుకోవడం అదే మొదటిసారి. అప్పటిదాకా ఉన్న రికార్డు 1996లో టెర్రీ గ్లెన్ పట్టిన 90. యార్డుల్లో 1960 నాటి బిల్ గ్రోమన్ ఒక్కడే రూకీలందరిలో బోల్డిన్ కంటే ముందున్నాడు. అసోసియేటెడ్ ప్రెస్ ఇచ్చే ఉత్తమ అఫెన్సివ్ రూకీ పురస్కారం బోల్డిన్‌కే దక్కింది. ఆ ఏడాది లీగ్ మేటి ఆటగాళ్లు తలపడే ప్రో బౌల్‌లో ఆడిన రూకీ కూడా అతనొక్కడే.

ఇది బహిరంగ లేఖ కాబట్టి, సంఘ సభ్యులకు కొట్టినపిండి అయిన సంగతులు కొన్ని ఇతర పాఠకుల కోసం చెప్పక తప్పదు. అమెరికా ఫుట్‌బాల్‌లో బంతి చేతిలో ఉన్న జట్టుకు పది యార్డులు ముందుకు జరగడానికి నాలుగు అవకాశాలు ఉంటాయి. ఒక్కో అవకాశాన్ని డౌన్ అంటారు. బంతిని ఎదుటి జట్టు గోల్ గీత దాటిస్తే టచ్‌డౌన్. బంతిని ముందుకు పంపే దారులు ప్రధానంగా రెండు: ఒకరు చంకన పెట్టుకుని పరుగెత్తడం, లేదా క్వార్టర్‌బ్యాక్ విసిరితే మరొకరు పట్టుకోవడం. పట్టుకునేవాళ్లలో ముఖ్యుడు వైడ్ రిసీవర్. అతడు ఎన్ని అడుగులు పరుగెత్తి ఎటు తిరగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఎదుటి జట్టు డిఫెండర్ అతని వెంటే ఉంటాడు. తిరిగే ఆ క్షణంలో డిఫెండర్ నుంచి ఒకటి రెండు అడుగుల ఎడం సంపాదించిన రిసీవర్‌కే బంతి వస్తుంది.

ఆ ఎడం వేగం వల్లే వస్తుందని ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు చాలాకాలంగా నమ్ముతున్నాయి. ఏటా ఇండియానాపొలిస్‌లో జరిగే కంబైన్ అనే పరీక్షల శిబిరంలో కాలేజీ ఆటగాళ్లను 40 గజాలు పరుగెత్తించి సెకనులో వందో వంతు దాకా కొలుస్తారు. మొదటి రౌండ్‌లో ఎంపిక కావాలనుకునే రిసీవర్ నాలుగున్నర సెకన్ల లోపు ముగించాలని ఆశిస్తారు. బోల్డిన్‌కు సుమారు 4.7 సెకన్లు పట్టింది. తేడా రెప్పపాటు కూడా కాదు. అయినా జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో, 2003లో, దాని ఖరీదు పెద్దదే అయింది. ఆ ఏడాది రెండో స్థానంలో చార్లెస్ రోజర్స్‌ను డెట్రాయిట్, మూడో స్థానంలో ఆండ్రే జాన్సన్‌ను హ్యూస్టన్ తీసుకున్నాయి. అరిజోనా కూడా 17వ స్థానంలో బ్రయాంట్ జాన్సన్ అనే మరో రిసీవర్‌ను ఎంచుకున్నాకే, రెండో రౌండ్‌లో, మొత్తం మీద 54వ స్థానంలో బోల్డిన్ పేరు పిలిచింది. ఐదుగురు రిసీవర్లు అతని కంటే ముందే వెళ్లిపోయారు.

గడియారం చూపని సంగతులు అతని ఊరిలో, కాలేజీలో ఉన్నాయి. బోల్డిన్ 1980 అక్టోబరు 3న ఫ్లోరిడా రాష్ట్రంలోని పహోకీలో పుట్టాడు. ఓకీచోబీ సరస్సు ఒడ్డున సుమారు ఆరు వేల జనాభా ఉన్న ఊరది. చుట్టూ నల్లమట్టి, ఆ మట్టిలో కనుచూపు మేర చెరకు. కోతకు ముందు చెరకు ఆకును తగలబెడితే తోటల్లోంచి కుందేళ్లు బయటికి దూకుతాయి, ఊరి పిల్లలు వాటిని తరిమి పట్టుకుంటారు. పహోకీ, పక్కనే ఉన్న బెల్ గ్లేడ్ అంత మంది ఫుట్‌బాల్ ఆటగాళ్లను ఎలా కన్నాయో చెప్పేటప్పుడు అమెరికా పత్రికలు ఈ కుందేళ్ల కథను తిప్పితిప్పి రాస్తుంటాయి. కథ అందమైనదే కాని, ఉపాధి తక్కువ ఉన్న చిన్న ఊళ్లో బడి జట్టుకు ఎంత విలువ ఉంటుందో అందులో కనిపించదు. 2010లో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన రికీ జాక్సన్ కూడా పహోకీలో పుట్టినవాడే.

బడిలో బోల్డిన్ రిసీవర్ కాదు, క్వార్టర్‌బ్యాక్. ఫ్లోరిడా రాష్ట్రంలో ఆ ఏటి అత్యుత్తమ బడి ఆటగాడికిచ్చే మిస్టర్ ఫుట్‌బాల్ గౌరవం 1998లో అతనికి వచ్చింది. ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీలో బాబీ బౌడెన్ శిక్షణలో రిసీవర్‌గా మారాడు. 1999 సీజన్‌లో ఆ జట్టు జాతీయ విజేత అయింది. 2001లో మోకాలి లిగమెంటు తెగి ఏడాదంతా ఆడలేదు. 2002లో తిరిగొచ్చి 65 క్యాచ్‌లు, 1,011 యార్డులు, 13 టచ్‌డౌన్లు చేశాడు. ఆ సీజన్ చివర, 2003 జనవరి 1న జార్జియాతో జరిగిన షుగర్ బౌల్‌లో జట్టుకు క్వార్టర్‌బ్యాక్‌ల కొరత రాగా కొంతసేపు ఆ స్థానంలోనూ ఆడాడు. కంబైన్‌లో పరుగెత్తింది మోకాలి శస్త్రచికిత్స జరిగి ఎంతోకాలం కాని మనిషి. పైగా పాస్ విసిరేవాడి కళ్లతో మైదానాన్ని చూడటం అలవాటైన మనిషి. ఎదుటి జట్టు రక్షణలో ఖాళీ ఎక్కడ తెరుచుకోబోతుందో ముందే పసిగట్టే గుణం అతనికి అక్కడే అబ్బి ఉండాలి. అది కొలిచే పరికరం ఇండియానాపొలిస్‌లో లేదు.

2003 నాటి అరిజోనా జట్టు గురించి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. అది గెలిచింది 4 మ్యాచ్‌లు, ఓడింది 12. అంతకు ముందు ఏడాది దాకా ప్రధాన రిసీవర్‌గా ఉన్న డేవిడ్ బోస్టన్ శాన్ డియాగోకు వెళ్లిపోయాడు. పరుగు యార్డుల్లో లీగ్ చరిత్రలోనే మొదటివాడైన ఎమిట్ స్మిత్ 34వ ఏట డాలస్ వదిలి ఇక్కడికి వచ్చాడు కాని భుజం గాయంతో చాలా మ్యాచ్‌లకు దూరమయ్యాడు. క్వార్టర్‌బ్యాక్‌గా మొదట జెఫ్ బ్లేక్, చివర్లో జోష్ మెకౌన్ ఆడారు. ఎదుటి జట్లకు అరిజోనాలో కాపలా కాయాల్సిన ఆటగాడు ఎవరో మూడో వారానికల్లా తెలిసిపోయింది. ఇద్దరేసి డిఫెండర్లను అతని మీద పెట్టినా క్యాచ్‌లు ఆగలేదు.

వెనకబడిన జట్టు ఎక్కువ పాసులు విసురుతుంది కాబట్టి అలాంటి జట్టు రిసీవర్ అంకెలు ఉబ్బుతాయన్న వాదన ఒకటుంది. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే ఇంకో వైపు కూడా చూడాలి. అయిదు గజాలు దాటాక రిసీవర్ మీద చెయ్యి వెయ్యకూడదన్న నిబంధన 1978 నుంచీ ఉన్నా, లీగ్ దాన్ని గట్టిగా అమలు చేయడం మొదలుపెట్టింది 2004 నుంచి. బోల్డిన్ తొలి సీజన్ ఆ కట్టడికి ముందు ఏడాది. డిఫెండర్లు రిసీవర్లను పట్టి లాగి, నెట్టి, మార్గం తప్పించగలిగిన చివరి రోజుల్లో ఒక కొత్త కుర్రాడు 101 పాసులు పట్టాడు.

ఆ రికార్డు పద్ధెనిమిదేళ్లు నిలిచింది. 2021లో మయామీకి చెందిన జైలెన్ వాడిల్ 104 క్యాచ్‌లతో దాన్ని దాటాడు. 2023లో లాస్ ఏంజెలెస్ ర్యామ్స్ ఆటగాడు పుకా నకువా 105 క్యాచ్‌లు, 1,486 యార్డులు చేసి గ్రోమన్ యార్డుల రికార్డును కూడా చెరిపేశాడు. 2024లో లాస్ వేగాస్ టైట్ ఎండ్ బ్రాక్ బవర్స్ 112 పట్టాడు. 2021 నుంచి సీజన్‌కు 17 మ్యాచ్‌లు కావడం వల్లే ఇది జరిగిందని బోల్డిన్ అభిమానులు కొందరు సమాధానపడతారు. వాడిల్ ఆ ఏడాది ఆడింది 16 మ్యాచ్‌లే కాబట్టి ఆ వాదన అతని విషయంలో నిలవదు. మారింది మ్యాచ్‌ల సంఖ్య కంటే ఎక్కువగా ఆట తీరు. పాసుల సంఖ్య పెరిగింది, వాటికి రక్షణగా నిబంధనలు బిగుసుకున్నాయి.

తొలి ఏడాది మెరుపు ఒక్కటే ఎవరినీ హాల్‌కు చేర్చదు, చేర్చకూడదు కూడా. బోల్డిన్ తర్వాతి ఏడాదే, 2004లో, టాంపా బేకు ఆడిన మైఖేల్ క్లేటన్ రూకీగా 80 క్యాచ్‌లు, 1,193 యార్డులు, 7 టచ్‌డౌన్లు చేశాడు. మొదటి రౌండ్‌లో ఎంపికైనవాడు, వయసూ కలిసొచ్చేదే. ఆ తర్వాత ఏ సీజన్‌లోనూ అతను 500 యార్డులు దాటలేదు. బోల్డిన్ మొదటి మ్యాచ్‌లోనే ఎదుటి జట్టు తరఫున అరంగేట్రం చేసి రెండు టచ్‌డౌన్లు కొట్టిన చార్లెస్ రోజర్స్ కెరీర్ మొత్తం 15 మ్యాచ్‌లు, 36 క్యాచ్‌లతో ముగిసింది. అందుకే తొలి సీజన్‌ను ఒక ప్రశ్నగా తీసుకుని, జవాబు తర్వాతి పదమూడేళ్లలో వెతకడం న్యాయం.

రెండో ఏడాది ఆశాజనకంగా మొదలు కాలేదు. 2004 శిక్షణ శిబిరంలో మోకాలికి దెబ్బ తగిలి మొదటి ఆరు మ్యాచ్‌లు పోయాయి. మిగిలిన పదింటిలో 56 క్యాచ్‌లు, 623 యార్డులు, ఒక్క టచ్‌డౌన్. అదే ఏడాది డ్రాఫ్ట్‌లో కార్డినల్స్ మూడో స్థానంలో ల్యారీ ఫిట్జెరాల్డ్‌ను తీసుకుంది. అప్పటి నుంచి అరిజోనాలో బోల్డిన్ ఆడిన ప్రతి సీజన్‌లోనూ బంతులు ఇద్దరి మధ్య పంచుకోవలసి వచ్చింది. ఒకే జట్టులో ఇద్దరు మేటి రిసీవర్లుంటే ఒకరికి మరొకరు లాభమా నష్టమా అన్నది తెగని చర్చ. డిఫెండర్ల దృష్టి చీలుతుంది, నిజమే. కాని అంకెల్లో వాటా కూడా చీలుతుంది.

2005 ఆ జంటకు శిఖరం. ఫిట్జెరాల్డ్ 103 క్యాచ్‌లు, 1,409 యార్డులు. బోల్డిన్ 102 క్యాచ్‌లు, 1,402 యార్డులు. ఆ ఏడాది లీగ్‌లో ఎక్కువ క్యాచ్‌లు ఫిట్జెరాల్డ్‌వి, కరోలైనా స్టీవ్ స్మిత్‌వి, చెరి 103. ఒక్కటంటే ఒక్క క్యాచ్ తక్కువైన బోల్డిన్ ఆడింది 14 మ్యాచ్‌లు. జట్టు మాత్రం గెలుపు బాట పట్టలేదు. ఆ సీజన్‌లో గుర్తుండేది అక్టోబరు 2న మెక్సికో సిటీలోని అజ్టెకా మైదానంలో శాన్ ఫ్రాన్సిస్కో మీద 31-14 గెలుపు. అమెరికా వెలుపల ఎన్‌ఎఫ్‌ఎల్ జరిపిన మొదటి లీగ్ మ్యాచ్ అది.

2006లో 83 క్యాచ్‌లు, 1,203 యార్డులు. 2007లో గాయాల వల్ల 12 మ్యాచ్‌లే ఆడినా 9 టచ్‌డౌన్లు. 2008 చివరికి 80 మ్యాచ్‌లలో 502 క్యాచ్‌లు పూర్తయ్యాయి. అయిదు వందల క్యాచ్‌లను అప్పటికి అంత తక్కువ మ్యాచ్‌లలో అందుకున్నవాడు లేడు.

ఆ 2008 సీజన్‌లోనే అతని ఆట ఆగిపోయే ప్రమాదం వచ్చింది. సెప్టెంబరు 28న న్యూయార్క్ జెట్స్‌తో మ్యాచ్. జట్టు అప్పటికే చిత్తుగా ఓడుతోంది. చివరి నిమిషంలో ఎండ్ జోన్‌లో బంతి కోసం ఎగిరిన బోల్డిన్‌ను ఇద్దరు డిఫెండర్లు రెండు వైపులా ఢీకొన్నారు. ఒకరి హెల్మెట్ నేరుగా అతని ముఖానికి తగిలింది. స్పృహ తప్పిన అతన్ని స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. ముఖం ఎముకలు విరిగాయి, వాటిని ప్లేట్లు, స్క్రూలతో బిగించారు. ఢీకొట్టిన డిఫెండర్ ఎరిక్ స్మిత్‌కు లీగ్ ఒక మ్యాచ్ నిషేధం, 50,000 డాలర్ల జరిమానా విధించింది. నెల తిరక్కుండానే, అక్టోబరు 26న, బోల్డిన్ కరోలైనా మీద మళ్లీ ఆడి రెండు టచ్‌డౌన్లు చేశాడు. అంత త్వరగా దిగనివ్వడం సబబేనా అని ఇవాళ అడగవచ్చు. తలకు తగిలే దెబ్బల గురించి లీగ్ నిబంధనలు కఠినమైంది ఆ తర్వాతే. 12 మ్యాచ్‌లే ఆడిన ఆ సీజన్‌లో అతని లెక్క 89 క్యాచ్‌లు, 1,038 యార్డులు, 11 టచ్‌డౌన్లు.

కర్ట్ వార్నర్ క్వార్టర్‌బ్యాక్‌గా అరిజోనా ఆ ఏడాది తన చరిత్రలో మొదటిసారి లీగ్ తుది పోరు అయిన సూపర్ బౌల్ చేరింది. 2009 ఫిబ్రవరి 1న టాంపాలో పిట్స్‌బర్గ్ చేతిలో 27-23తో ఓడింది. బోల్డిన్ 8 క్యాచ్‌లు, 84 యార్డులు సాధించాడు. మొదటి సగం ముగిసే ముందు గోల్ గీత దగ్గర వార్నర్ బోల్డిన్ వైపు విసిరిన బంతినే జేమ్స్ హారిసన్ మధ్యలో అందుకుని 100 గజాలు పరుగెత్తాడు. ఫిట్జెరాల్డ్ ఆ ప్లేఆఫ్స్‌లో లీగ్‌నే ఊపేశాడు కాబట్టి బోల్డిన్ గురించి జనం గుర్తుంచుకున్నది వేరే విషయం: అంతకు ముందు మ్యాచ్‌లో మైదానం పక్కన శిక్షకుడు టాడ్ హేలీతో గొడవ. ఒప్పందం విషయంలో క్లబ్బుతో అతనికి అప్పటికే పొసగడం లేదు. వేరే జట్టుకు పంపమని 2008 వేసవిలోనే అడిగాడు. 2009లో మరో 1,024 యార్డులు చేశాక, 2010 మార్చిలో కార్డినల్స్ అతన్ని బాల్టిమోర్ రేవెన్స్‌కు ఇచ్చేసి డ్రాఫ్ట్‌లో మూడో, నాలుగో రౌండ్ ఎంపికలు పుచ్చుకుంది.

బాల్టిమోర్ మూడేళ్లను అంకెలతో తూచితే చిన్నగా కనిపిస్తాయి: 837, 887, 921 యార్డులు. రక్షణ మీద, పరుగు మీద బతికే జట్టు అది. అక్కడ రిసీవర్‌కు వంద క్యాచ్‌లు వచ్చే అవకాశమే లేదు. బోల్డిన్ ఆటలో బండతనం ఎక్కువగా బయటపడింది కూడా అక్కడే. పరుగు తీసే సహచరుడి కోసం ఎదుటివాళ్లను అడ్డుకోవడం చాలామంది రిసీవర్లు మొక్కుబడిగా చేసే పని. అతను మాత్రం తనకంటే బరువైన వాళ్ల మీదికి కూడా వెళ్లేవాడు. మైదానం మధ్యలో, దెబ్బ తప్పదని తెలిసిన చోట, చేతులు చాచి బంతి అందుకునేవాడు. డిఫెండర్ అతన్ని అంటిపెట్టుకునే ఉండేవాడు, అయినా బంతికీ డిఫెండర్‌కూ మధ్య ఎప్పుడూ బోల్డిన్ భుజమో తుంటో అడ్డుండేది. పట్టాక కబడ్డీలో పట్టుబడిన రెయిడర్ మధ్య గీత మీదికి ఒరిగినట్టు ఇంకో రెండు గజాలు ఈడ్చుకుంటూ వెళ్లేవాడు. వేగం తక్కువైన మనిషికి వయసు పైబడితే పోయేదేమీ లేదన్నది అతని విషయంలో రుజువైంది.

2012 సీజన్ ప్లేఆఫ్స్ ఆ రుజువుకు పెద్ద సాక్ష్యం. ఇండియానాపొలిస్ మీద 5 క్యాచ్‌లతో 145 యార్డులు, ఒక టచ్‌డౌన్. డెన్వర్‌లో 71 యార్డులు. న్యూ ఇంగ్లండ్ గడ్డ మీద, సగం ఆట ముగిసేసరికి 13-7తో వెనకబడిన మ్యాచ్‌లో, నాలుగో క్వార్టర్‌లో రెండు టచ్‌డౌన్లు. 2013 ఫిబ్రవరి 3న న్యూ ఆర్లీన్స్‌లో శాన్ ఫ్రాన్సిస్కోతో సూపర్ బౌల్. మొదటి టచ్‌డౌన్ బోల్డిన్‌దే. మొత్తం 6 క్యాచ్‌లు, 104 యార్డులు. మధ్యలో స్టేడియంలో దీపాలు ఆరిపోయి ఆట 34 నిమిషాలు ఆగిన మ్యాచ్‌గా చాలామంది దాన్ని గుర్తుపెట్టుకున్నారు.

ఆ మ్యాచ్‌లో ఒక్క క్యాచ్ దగ్గర సంఘం ఆగి చూడాలి. నాలుగో క్వార్టర్‌లో దాదాపు ఏడు నిమిషాలు మిగిలాయి. బాల్టిమోర్ 31-29తో అంటే రెండు పాయింట్లతో ముందుంది, 28-6 ఆధిక్యం కరిగిపోయి ఆ స్థితికి వచ్చింది. మూడో డౌన్, కావలసింది గజం లోపు. విఫలమైతే నాలుగో డౌన్‌లో బంతిని దాదాపుగా వదులుకోవాల్సిందే. క్వార్టర్‌బ్యాక్ జో ఫ్లాకో పరుగు ఆటను మార్చేసి అంచు గీత దగ్గర బోల్డిన్ వెనక భుజం వైపు విసిరాడు. డిఫెండర్ కార్లోస్ రోజర్స్ చోటు ఏమాత్రం ఇవ్వలేదు, కాపలాలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. బోల్డిన్ గాల్లోనే తిరిగి, అతని మీదుగా బంతిని గుంజుకున్నాడు. 15 గజాలు. ఆ పరంపర మూడు పాయింట్ల ఫీల్డ్ గోల్‌తో ముగిసి తేడా అయిదుకు పెరిగింది. ఫీల్డ్ గోల్ ఇక సరిపోని శాన్ ఫ్రాన్సిస్కో చివరి ప్రయత్నంలో టచ్‌డౌన్ కోసమే పోవలసి వచ్చి గోల్ గీత ముందు ఆగిపోయింది. చివర్లో శాన్ ఫ్రాన్సిస్కోకు మరో రెండు పాయింట్లు వచ్చి తుది స్కోరు 34-31 అయింది. ఆ ప్లేఆఫ్స్ నాలుగు మ్యాచ్‌లలో బోల్డిన్ మొత్తం 22 క్యాచ్‌లు, 380 యార్డులు, 4 టచ్‌డౌన్లు.

ఆరు వారాలు తిరగక ముందే బాల్టిమోర్ అతన్ని వదిలించుకుంది. 60 లక్షల డాలర్ల జీతంలో 20 లక్షలు తగ్గించుకోమంటే అతను ఒప్పుకోలేదు. ఆరో రౌండ్ డ్రాఫ్ట్ ఎంపిక ఒక్కటి పుచ్చుకుని అతన్ని శాన్ ఫ్రాన్సిస్కోకు ఇచ్చేశారు. మొన్ననే ఓడించిన జట్టు అది, దాని శిక్షకుడు బాల్టిమోర్ శిక్షకుడికి స్వయానా తమ్ముడు. జీతాల పరిమితి ఉన్న లీగ్‌లో ముప్పై దాటిన రిసీవర్‌కు మర్యాద ఎంతో ఈ బేరం చూస్తే చాలు. 2013 సెప్టెంబరు 8న కొత్త జట్టుకు మొదటి మ్యాచ్‌లో, గ్రీన్ బే మీద, బోల్డిన్ 13 క్యాచ్‌లతో 208 యార్డులు చేశాడు. పదేళ్ల కిందటి మొదటి మ్యాచ్ 217. మధ్యలో బాల్టిమోర్ తరఫున మొదటి మ్యాచ్ 110. మూడు వేర్వేరు జట్లకు మొదటి రోజే వంద దాటాడు. ఆ సీజన్ 85 క్యాచ్‌లు, 1,179 యార్డులతో ముగిసింది, తర్వాతి సీజన్‌లో 1,062 యార్డులు. 34వ ఏట కూడా వెయ్యి దాటాడు. అతని కెరీర్‌లో వెయ్యి యార్డుల సీజన్లు మొత్తం ఏడు.

చివరి సీజన్ 2016లో డెట్రాయిట్‌కు ఆడాడు. 67 క్యాచ్‌లు, 584 యార్డులు, 8 టచ్‌డౌన్లు. టచ్‌డౌన్ల లెక్క రూకీ ఏడాదితో సమానం. అప్పటికి వయసు 36. మొత్తం 202 మ్యాచ్‌లు, 1,076 క్యాచ్‌లు, 13,779 యార్డులు, 82 టచ్‌డౌన్లు. ఆట మానే నాటికి క్యాచ్‌ల జాబితాలో లీగ్ చరిత్రలో తొమ్మిదోవాడు.

మానిన తీరు కూడా చెప్పాలి. 2017 ఆగస్టు 7న బఫెలో బిల్స్‌తో ఒప్పందం చేసుకున్నాడు. అదే నెల 20న విరమణ ప్రకటించాడు. ఆ రెండు తేదీల మధ్య వర్జీనియాలోని షార్లట్స్‌విల్‌లో జాత్యహంకారుల ప్రదర్శన, హింస జరిగాయి. ఆ ఘటనలే తన ప్రాధాన్యాలను మార్చాయని అతను చెప్పాడు. అంతకు ముందు నుంచీ కారణం మరొకటి ఉంది. 2015 అక్టోబరులో ఫ్లోరిడాలో కారు చెడిపోయి రోడ్డు పక్కన ఆగిన అతని బంధువు ఒకరిని మఫ్టీలో ఉన్న పోలీసు కాల్చి చంపాడు. ఆ పోలీసుకు 2019లో 25 ఏళ్ల జైలుశిక్ష పడింది. బోల్డిన్ 2017లో మాల్కమ్ జెన్కిన్స్‌తో కలిసి ప్లేయర్స్ కోయలిషన్ స్థాపించి, పోలీసు విధానాలు, బెయిలు, బాలనేరస్థుల శిక్షల మీద చట్టసభలతో మాట్లాడటం మొదలుపెట్టాడు. లీగ్‌తో ఆ సంస్థ కుదుర్చుకున్న ఆర్థిక ఒప్పందం తోటి ఆటగాళ్లందరికీ నచ్చలేదు, ఎరిక్ రీడ్ లాంటివాళ్లు బయటికి వెళ్లిపోయారు. 2015 సీజన్‌కు వాల్టర్ పేటన్ మ్యాన్ ఆఫ్ ద ఇయర్ పురస్కారం బోల్డిన్‌కు వచ్చింది. హాల్ నిబంధనల ప్రకారం సంఘం మైదానంలో జరిగినదాన్నే తూచాలి, కాబట్టి ఈ పేరా వాదనలో భాగం కాదు. కాని 2017లో అతను ఇంకో సీజన్ ఆడి అంకెలు పెంచుకోకపోవడానికి కారణం ఇదే కనుక కథలోంచి తీసేయడమూ కుదరదు.

ఇక సంఘం ముందున్న విషయం. ఆటగాడు మానిన అయిదేళ్లకు అర్హత వస్తుంది, చివరి ఓటింగులో 80 శాతం మద్దతు కావాలి. బోల్డిన్‌కు 2022లో అర్హత వచ్చింది. సెమీఫైనలిస్టుల జాబితాలో అతని పేరు పలుమార్లు కనిపించింది. 2025 ఎంపికల దాకా అంతకు మించి కదల్లేదు. అతనికి వ్యతిరేకంగా చెప్పేవి తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. ప్రో బౌల్‌కు ఎంపికైంది మూడుసార్లే (2003, 2006, 2008). ఏటా ప్రకటించే మేటి ఆటగాళ్ల జాబితా, అంటే ఆల్-ప్రో మొదటి జట్టులో ఒక్కసారీ చోటు లేదు. ఏ సీజన్‌లోనూ యార్డుల్లో లీగ్‌లో మొదటివాడు కాలేదు. అద్భుతమైన రూకీ ఏడాదిలో కూడా సెయింట్ లూయిస్ ఆటగాడు టోరీ హోల్ట్ 117 క్యాచ్‌లు, 1,696 యార్డులతో ముందున్నాడు. ఆ హోల్ట్ కూడా 2025 దాకా క్యూలోనే ఉన్నాడు, రెజ్జీ వేన్, స్టీవ్ స్మిత్ అతని పక్కనే.

అయినా ఒక పోలికను సంఘం తప్పించుకోలేదు. బోల్డిన్ డ్రాఫ్ట్ ఏడాదిలోనే మూడో స్థానంలో ఎంపికైన ఆండ్రే జాన్సన్ 2024లో హాల్‌లో చేరాడు. అర్హుడే, అందులో సందేహం లేదు. రెండుసార్లు యార్డుల్లో లీగ్‌కు మొదటివాడు, ఏడుసార్లు ప్రో బౌల్. జాన్సన్ మొత్తం 1,062 క్యాచ్‌లు, 14,185 యార్డులు, 70 టచ్‌డౌన్లు. బోల్డిన్‌వి క్యాచ్‌లు 14 ఎక్కువ, టచ్‌డౌన్లు 12 ఎక్కువ, యార్డులు 406 తక్కువ. జాన్సన్ హ్యూస్టన్‌లో పన్నెండేళ్లు ప్రధాన రిసీవర్, తన ఎత్తున ఎదురు నిలిచే సహచరుడు లేడు. బోల్డిన్ తన మంచి వయసంతా ఫిట్జెరాల్డ్‌తో బంతులు పంచుకున్నాడు, తర్వాత మూడేళ్లు పాసులు తక్కువ విసిరే జట్టులో గడిపాడు. జాన్సన్ ఎన్నడూ చేరని సూపర్ బౌల్‌కు రెండుసార్లు చేరి, ఒకసారి గెలిచాడు. ఇందులో ఎవరు గొప్ప అన్న పంచాయతీ ఈ లేఖ పెట్టడం లేదు. మొదటివాడికి తెరిచిన తలుపు దగ్గర రెండోవాడిని ఫైనలిస్టుగానైనా పిలిచి చర్చించకపోవడం మాత్రం వింతగా ఉంది.

బోల్డిన్ పేరు ఎత్తగానే 2003 గుర్తుకొస్తుంది, దాంతో మాట అక్కడే ఆగిపోతుంది. ఏటేటా సీజన్లవారీగా అంకెలు పరిచే పద్ధతిలో అతని బలం కనిపించదు. ఒక్క సీజన్‌ను విడిగా తీస్తే 2003, 2005 తప్ప మిగతావి సాధారణంగానే అనిపిస్తాయి. వాటిని అతను ఎవరితో, ఎలాంటి జట్టులో, ఎంత దెబ్బతిన్న ఒంటితో ఆడాడో కలిపి చూస్తేనే లెక్క తేలుతుంది. బోల్డిన్ పేరు మళ్లీ చర్చకు వచ్చినప్పుడు అతని తరఫున మాట్లాడే సభ్యులు అంకెల పట్టికతో పాటు మూడు మ్యాచ్‌ల వీడియోలు బల్ల మీద పెట్టాలన్నది ఈ లేఖ కోరిక: 2008 అక్టోబరులో కరోలైనా, 2013 ఫిబ్రవరిలో న్యూ ఆర్లీన్స్, అదే ఏడాది సెప్టెంబరులో గ్రీన్ బే. డెట్రాయిట్‌లో ఆడిన మొదటి మ్యాచ్ అందరూ చూసిందే.

ఇట్లు,
ఒక తెలుగు క్రీడా వ్యాసకర్త